పెన్షన్ ఖజానా పెట్టిన చక్రవర్తి – అగస్టస్ జీవితం

మన సంఘ సభ్యులలో ఆగస్టు నెలాఖరున రిటైరైనవారు చాలామంది ఉన్నారు. సర్వీసు రిజిస్టర్లలో, జీతాల బిల్లులలో, పెన్షన్ కాగితాలలో ఆ నెల పేరును మనమందరం వందలసార్లు రాసినవాళ్లమే. అది ఒక మనిషి పేరని, ఆయన రెండు వేల ఏళ్ల కిందట రోము సామ్రాజ్యాన్ని ఏలిన అగస్టస్ చక్రవర్తి అని చదువుకున్నవారికి తెలిసిన సంగతే. అయితే కొలువు చేసి దిగిపోయినవాడికి చెల్లించవలసిన సొమ్ము కోసం విడిగా ఒక ఖజానా పెట్టి, దానికి విడిగా పన్నులు కేటాయించి, దాని లెక్క చూడటానికి ప్రత్యేకంగా అధికారులను నియమించినవాడు కూడా ఆయనేనన్న విషయం అంతగా ప్రచారంలో లేదు. పెన్షనర్ల దినోత్సవం సందర్భంగా వెలువడుతున్న ఈ ప్రత్యేక సంచికలో ఆ మహానుభావుని జీవితాన్ని, అందులోని మంచినీ చెడునూ, సభ్యుల ముందు ఉంచడం సమంజసమని భావిస్తున్నాను.

రోము ఎక్కడ, మన తిరుమలగిరి ఎక్కడ అని కొందరు అనుకోవచ్చు. కాని ఆ చక్రవర్తి ముఖం మన నేలకు కొత్తది కాదు. మన ఉమ్మడి నల్లగొండ జిల్లా అక్కన్‌పల్లిలో ఒక్కచోటే పదిహేను వందలకు పైగా రోమను వెండి నాణేలు దొరికాయి. పాత కరీంనగర్ జిల్లాలోని పెద్దబంకూరు, నస్తుల్లాపూర్‌లలోనూ రోమను నాణేలు బయటపడ్డాయి. మన దేశంలో దొరికిన రోమను వెండి నాణేలలో ఎక్కువ భాగం అగస్టస్‌వి, ఆయన తర్వాత వచ్చిన టైబీరియస్‌వి. ఆ నాణేన్ని దెనారియస్ అనేవారు. మన గ్రంథాలలో కనిపించే దీనారం అన్న మాట దాని నుంచి పుట్టిందే. నాగార్జునకొండలోని ఇక్ష్వాకుల శాసనాలలో దీనారి మాషకాల ప్రస్తావన ఉన్నది. ఆ ఇక్ష్వాకుల శాసనమే మన పొరుగున ఉన్న ఫణిగిరి గుట్ట మీద కూడా దొరికింది. అదే ఫణిగిరిలో 2024 మార్చి నెలాఖరున ఒక మట్టి కుండలో 3,730 సీసపు నాణేలు బయటపడ్డాయి. అవి రోమువి కావు, ఇక్ష్వాకుల కాలం నాటి మన నాణేలే. అయినా ఈ గుట్టల నడుమ ఆనాడే డబ్బు చలామణి, లెక్కాపత్రం జోరుగా ఉండేవని అవి సాక్ష్యం చెబుతున్నాయి. మన సన్నని నూలు బట్టలు మచిలీపట్నం ప్రాంతం నుంచి సముద్రం దాటి పోతుంటే, బదులుగా రోము బంగారం, వెండి ఇటు వచ్చేవి.

బాల్యము

ఆయన అసలు పేరు గేయస్ ఆక్టేవియస్. క్రీ.పూ. 63వ సంవత్సరం సెప్టెంబరు 23న రోము నగరంలో పుట్టాడు. నాలుగేళ్ల వయసులో తండ్రి పోయాడు. తల్లి ఆటియా జూలియస్ సీజరుకు మేనకోడలు. పిల్లవాడు కొంతకాలం అమ్మమ్మ జూలియా దగ్గర పెరిగాడు. ఆమె సీజరుకు స్వయానా అక్క. ఆమె చనిపోయినప్పుడు పన్నెండేళ్ల ఈ బాలుడే జనం ముందు నిలబడి సంస్మరణ ప్రసంగం చేశాడు. అది రోము పెద్దింటి ఆచారం.

రోము కుటుంబం సంగతి కొంచెం చెప్పుకోవాలి. అక్కడ ఇంటి యజమాని తండ్రి. ఆయన బతికి ఉన్నంతకాలం, కొడుక్కి నలభై ఏళ్లు వచ్చినా, పెళ్లయి పిల్లలున్నా, సొంత ఆస్తి ఉండేది కాదు. కొడుకు సంపాదన తండ్రిదే. ఇది వింటే మన పాత ఉమ్మడి కుటుంబాలు గుర్తుకు వస్తాయి. కుటుంబ ఖర్చుతో చదువుకున్నవాడి ఉద్యోగ సంపాదన అతని స్వార్జితమే అవుతుందని మన దేశంలో 1930లో చట్టం చేయవలసి వచ్చింది. అగస్టస్ అధికారంలోకి వచ్చాక సైనికుల విషయంలో అటువంటి మేలే చేశాడు. సైన్యంలో సంపాదించుకున్నదానిపై తండ్రికి హక్కు లేదని, సైనికుడు తన ఇష్టం వచ్చినవారికి వీలునామా రాసుకోవచ్చునని అనుమతి ఇచ్చాడు. కొలువు చేసినవాడి సొమ్ము వాడిదే అన్న న్యాయం అక్కడ అలా మొదలైంది.

వీలునామాతో వచ్చిన వారసత్వం

క్రీ.పూ. 44వ సంవత్సరం మార్చి 15న సెనేటు సభలో సీజరును పొడిచి చంపారు. అప్పుడు ఆక్టేవియస్ వయసు పద్దెనిమిది. సముద్రం అవతల అపొలోనియాలో చదువుకుంటున్నాడు. సీజరు తన వీలునామాలో ఇతన్ని దత్తత చేసుకుని, ఆస్తిలో నాలుగింట మూడు వంతులు రాశాడని కబురు వచ్చింది. ఈ ఆస్తి ముట్టుకోవద్దని, ప్రాణానికి ముప్పని సవతి తండ్రి వారించాడు. కుర్రవాడు వినలేదు. రోము వెళ్లి సీజరు పేరు పెట్టుకున్నాడు. చరిత్రకారులు అప్పటి నుంచి అతన్ని ఆక్టేవియన్ అంటారు.

వీలునామా ప్రకారం రోము పౌరులకు తలా మూడు వందల సెస్టర్సులు ఇవ్వాలి. సెస్టర్స్ అన్నది వారి చిన్న నాణెం, నాలుగు కలిస్తే ఒక దెనారియస్. సీజరు ధనం మార్క్ ఆంటోనీ చేతిలో పడి ఉంది, ఆయన ఇవ్వనన్నాడు. ఆక్టేవియన్ తనకు వచ్చిన ఆస్తులు అమ్మి ఆ సొమ్ము పంచాడు. చెల్లిస్తానన్నది చెల్లిస్తే జనం వెంట నిలబడతారని ఆ వయసులోనే గ్రహించాడు.

అంతమాత్రాన ఆయన్ని ధర్మరాజుగా చిత్రించడం సరికాదు. మరుసటి ఏడు పందొమ్మిదేళ్ల వయసులో సైన్యాన్ని వెంటబెట్టుకుని వెళ్లి, అందరికన్నా పెద్ద పదవి అయిన కాన్సల్ పదవిని పట్టుకున్నాడు. ఆ తర్వాత ఆంటోనీతో, లెపిడస్‌తో చేతులు కలిపి, చంపవలసినవారి జాబితాలు గోడల మీద అంటించాడు. జాబితాలో పేరు ఉన్నవాణ్ణి ఎవరైనా చంపవచ్చు, చంపినవాడికి బహుమానం, చచ్చినవాడి ఆస్తి జప్తు. గొప్ప న్యాయవాది, వక్త అయిన సిసిరో కూడా ఆ జాబితాలోనే ప్రాణం పోగొట్టుకున్నాడు. ఆక్టేవియన్‌కు ఆదిలో అండగా నిలిచినవాడు ఆయనే. అధికారం కోసం ఆ అండను కూడా వదులుకున్నాడు.

భూములు పోయిన రైతులు

మన విషయానికి సంబంధించిన అసలు కథ ఇక్కడే మొదలవుతుంది. క్రీ.పూ. 42లో సీజరు హంతకులను ఫిలిప్పీ యుద్ధంలో ఓడించారు. యుద్ధం ముగిసింది, వేలాది సైనికులు ఇంటికి పోవాలి. వాళ్లకు ఇస్తామన్నది భూమి. ఆనాటి రోములో సైనికుడు కొలువు దిగితే ఇంత ఇవ్వాలన్న చట్టం ఏదీ లేదు. ఏ సేనాపతి కింద పనిచేస్తే ఆ సేనాపతి దయ. ఆయన గెలిస్తే భూమి, ఓడితే చిప్ప. అందువల్ల సైనికుడికి దేశం కన్నా సేనాపతే ముఖ్యమయ్యాడు. రోములో దాదాపు వంద ఏళ్లు అంతర్యుద్ధాలు సాగడానికి ఉన్న ముఖ్య కారణాలలో ఇది ఒకటి.

భూమి ఎక్కడి నుంచి తేవాలి? ఇటలీలోని పద్దెనిమిది పట్టణాల కింది పొలాలను ఎంపిక చేశారు. తరతరాలుగా దున్నుకుంటున్న రైతులను, ఏ నేరమూ లేకుండా, పరిహారం లేకుండా వెళ్లగొట్టి, ఆ పొలాలను సైనికులకు పంచారు. ఈ పంపకం బాధ్యత ఆక్టేవియన్ మీదే పడింది. భూములు పోయిన ఆడా మగా పిల్లాజెల్లాతో రోముకు వచ్చి గుళ్లముందు కూర్చుని మొరపెట్టుకున్నారు. మహాకవి వర్జిల్ సొంత ప్రాంతమైన మాంటువా పొలాలు కూడా ఆ పంపకంలో పోయాయి. ఒకరి ముసలితనానికి ఆసరా ఇవ్వడం కోసం ఇంకొకరి ముసలితనాన్ని బజారున పడవేశారు. దీని మీద మళ్లీ ఒక యుద్ధమే జరిగింది. ఈ దృశ్యం ఆక్టేవియన్ మనసులో నాటుకున్నదని ఆయన తర్వాత చేసిన పనులను బట్టి మనం అర్థం చేసుకోవచ్చు.

ఏకచ్ఛత్రాధిపత్యం

క్రీ.పూ. 31 సెప్టెంబరు 2న ఆక్టియం దగ్గర సముద్ర యుద్ధంలో ఆంటోనీ, ఈజిప్టు రాణి క్లియోపాత్రా ఓడిపోయారు. మరుసటి ఏడు ఇద్దరూ ఆత్మహత్య చేసుకున్నారు. ఈజిప్టు రోము వశమైంది. దానితో ఎర్రసముద్రం రేవులు కూడా చేతికి వచ్చాయి. అక్కడి ఒక్క రేవు నుంచే ఏటా నూట ఇరవై ఓడలు మన దేశానికి బయలుదేరేవని ఆ కాలపు భూగోళ రచయిత స్ట్రాబో రాశాడు. మన దేశపు రాజుల దూతలు కూడా అగస్టస్ దగ్గరకు వెళ్లారు. ఆ సంగతి ఆయన తన జీవిత విశేషాల శాసనంలో ప్రత్యేకంగా చెప్పుకున్నాడు.

క్రీ.పూ. 27 జనవరి 16న సెనేటు ఆయనకు అగస్టస్ అన్న బిరుదు ఇచ్చింది. పూజ్యుడు అని దాని అర్థం. రాజు అన్న మాట రోము ప్రజలకు గిట్టదు. అందుకని ఆయన ఎన్నడూ రాజునని చెప్పుకోలేదు. సెనేటు ఉంది, ఎన్నికలు ఉన్నాయి, కాన్సళ్లు ఉన్నారు, పగ్గాలు మాత్రం ఆయన చేతిలోనే ఉన్నాయి. క్రీ.పూ. 8లో సెక్స్‌టిలిస్ అనే నెలకు ఆయన పేరు పెట్టారు. ఫిబ్రవరి నుంచి ఒక రోజు తీసి ఆగస్టుకు కలిపారని చిన్నప్పుడు మనం బడిలో విన్న కథ నిజం కాదు. సీజరు పంచాంగం దిద్దిననాడే ఆ నెలకు 31 రోజులు వచ్చాయి. అగస్టస్ చేసింది వేరు. నాలుగేళ్లకు ఒకసారి రావలసిన లీపు రోజును పురోహితులు లెక్క తప్పి మూడేళ్లకొకసారి కలుపుతూ పోయారు. ఆయన కొన్ని లీపు రోజులను ఆపించి ఆ లెక్కను సరిచేయించాడు. మనకు ఒకటో తారీఖు పెన్షన్ తారీఖు. వారికి ఒకటో తారీఖు అప్పుల మీద వడ్డీ కట్టవలసిన తారీఖు. పంచాంగం తప్పితే లెక్కలన్నీ తప్పుతాయి గదా.

నగరంలో జీవనం

ఆనాటి రోము నగరంలో సామాన్యులు అంతస్తుల మీద అంతస్తులు వేసిన అద్దె ఇళ్లలో ఇరుక్కుని బతికేవారు. గోడలు కూలడం, మంటలు అంటుకోవడం నిత్యకృత్యం. వీధివైపు భవనాలు డెబ్బై అడుగుల ఎత్తు దాటకూడదని అగస్టస్ నిబంధన పెట్టాడు. నగరాన్ని 14 వార్డులుగా విభజించాడు. క్రీ.శ. 6లో ఏడు దళాల అగ్నిమాపక సిబ్బందిని, రాత్రి గస్తీ కోసం కూడా పనికివచ్చేటట్లు, ఏర్పాటు చేశాడు. ఆయన మిత్రుడు, అల్లుడు అయిన అగ్రిప్పా దూరపు ఊటల నుంచి కాలువల ద్వారా నగరానికి మంచినీళ్లు తెచ్చాడు. రెండు లక్షల మందికి ఉచితంగా ధాన్యం అందేది. పేర్ల జాబితా ఉండేది, అనర్హులను ఏరివేసేవారు. మన రేషన్ కార్డుల వ్యవహారం లాంటిదే అనుకోండి.

ఇక్కడ ఒక విషయం దాచకూడదు. ఆ నగరం బానిసల కష్టం మీద నిలబడింది. మనం జీవితమంతా చేసిన గుమాస్తా పని కూడా అక్కడ చాలావరకు బానిసలదే. చక్రవర్తి ఖాతాలు రాసినవారు, ఉత్తరాలు నకలు తీసినవారు ఆయన బానిసలు, లేదా విడుదల పొందిన బానిసలు. వాళ్లకు సర్వీసు రూల్సు లేవు, పెన్షన్ లేదు. సైనికులకు దక్కిన న్యాయం కలం పట్టినవాడికి దక్కలేదు.

ఇంత రాజ్యం ఏలినా ఆయన ఇంటి జీవితం సాదా. పాలటైన్ కొండ మీద ఒక మోస్తరు ఇంట్లో, వేసవి చలికాలం తేడా లేకుండా, నలభై ఏళ్లకు పైగా ఒకే పడకగదిలో నిద్రించాడు. భార్య, అక్క, కూతురు, మనుమరాళ్లు ఇంట్లో తయారుచేసిన బట్టలే ఎక్కువగా కట్టేవాడు. ముతక రొట్టె, చిన్న చేపలు, జున్ను, పచ్చి అత్తిపండ్లు ఆయనకు ఇష్టమైన ఆహారం. ఆరోగ్యం ఎన్నడూ అంతంత మాత్రమే. చలికాలంలో నాలుగు చొక్కాలు వేసుకుని పైన మందపాటి ఉత్తరీయం కప్పుకునేవాడు. రాత్రి నిద్ర సరిగా పట్టేది కాదు, కథలు చెప్పేవాళ్లను పిలిపించుకునేవాడు. ఉరుములంటే భయం. అయినా కచేరీలో కూర్చుని చీకటి పడేదాకా తగవులు విచారించేవాడు. ఒంట్లో బాగా లేకపోతే పల్లకీలో పడుకునే విచారణ జరిపేవాడు.

పెన్షన్ ఖజానా

ఇక అసలు విషయానికి వద్దాము. రైతుల భూములు గుంజుకుని పంచిన పాపాన్ని ఆయన మళ్లీ చేయలేదు. క్రీ.పూ. 30లోనూ, 14లోనూ సైనికులకు భూమి ఇవ్వవలసి వచ్చినప్పుడు పట్టణాలకు ధర చెల్లించి కొన్నాడు. ఇటలీ భూములకు సుమారు 60 కోట్ల సెస్టర్సులు, బయటి రాష్ట్రాల భూములకు సుమారు 26 కోట్లు చెల్లించానని, ఇలా చేసినవాణ్ణి తానే మొదటివాణ్ణని శాసనంలో రాయించుకున్నాడు. ఆ తర్వాత భూమి బదులు నగదు ఇవ్వడం మొదలుపెట్టాడు. దానికి మరో 40 కోట్లు ఖర్చయింది. ఇదంతా చాలావరకు సొంత సొమ్ము. ఈజిప్టు సంపద, యుద్ధాల రాబడి ఉన్నన్నాళ్లు నడిచింది. కాని ఒక మనిషి జేబు మీద ఆధారపడిన ఏర్పాటు ఆ మనిషితోనే పోతుందని ఆయనకు తెలుసు.

క్రీ.పూ. 13లో సైనికుడి సర్వీసు పదహారేళ్లని నిర్ణయించాడు. క్రీ.శ. 5లో దాన్ని ఇరవై ఏళ్లకు పెంచి, దిగిపోయేనాడు 12,000 సెస్టర్సులు ఇవ్వాలని ఖరారు చేశాడు. అంగరక్షక దళంవారికి పదహారేళ్ల సర్వీసు, 20,000 సెస్టర్సులు. మామూలు సైనికుడి జీతం ఏడాదికి 900 సెస్టర్సులు. అందులోనే తిండికి, బట్టకు, ఆయుధాలకు కోతలు. మనం లెక్క కడితే ఆ పన్నెండు వేలు పదమూడేళ్ల నాలుగు నెలల జీతానికి సమానం. మన భాషలో చెప్పాలంటే నెలనెలా వచ్చే పెన్షన్ కాదు, ఏకమొత్తపు గ్రాట్యుటీ.

మరుసటి ఏడు, అంటే క్రీ.శ. 6లో, ఈ సొమ్ము చెల్లించడానికి సైనిక ఖజానా అని విడిగా ఒకటి పెట్టాడు. మొదటి పెట్టుబడిగా తన సొంతం నుంచి 17 కోట్ల సెస్టర్సులు జమచేశాడు. శాశ్వత రాబడిగా రెండు పన్నులు కట్టబెట్టాడు. ఒకటి, రోము పౌరుల వారసత్వపు ఆస్తి మీద నూటికి ఐదు. దగ్గరి రక్తసంబంధీకులకు, పేదలకు మినహాయింపు. రెండవది, వేలం అమ్మకాల మీద నూటికి ఒకటి. గతంలో న్యాయాధికారులుగా చేసిన ముగ్గురిని మూడేళ్ల కాలానికి ఆ ఖజానాకు అధికారులుగా నియమించాడు. సాధారణ ఖజానాతో దీన్ని కలపలేదు. యుద్ధం వచ్చిందనో, భవనాలు కట్టాలనో ఈ సొమ్మును అందులో కలిపేస్తే, దిగిపోయినవాడికి చివరకు ఏమీ మిగలదని ఆయనకు బాగా తెలుసు.

పన్ను అనగానే పెద్దలు ఊరుకుంటారా? సెనేటర్లు గొణిగారు. క్రీ.శ. 13లో గొడవ ముదిరింది. అయితే ఇంతే రాబడి వచ్చే ఇంకో మార్గం మీరే చెప్పమని అగస్టస్ వాళ్లనే అడిగాడు. ఎవరూ చెప్పలేకపోయారు. అప్పుడు భూముల మీద, ఇళ్ల మీద పన్ను వేయబోతున్నట్లుగా కొలతలు తీసే మనుషులను ఊళ్లకు పంపాడు. సర్వేవాళ్లను చూడగానే పెద్దలకు భయం పట్టుకుంది. పాత పన్నే మేలని సర్దుకున్నారు.

చట్టము, సొంత ఇల్లు

కుటుంబ విషయాలలో ఆయన చేసిన చట్టాలు ఆయనకే ఎదురు తిరిగాయి. క్రీ.పూ. 18లో పెళ్లిళ్ల మీద, వ్యభిచారం మీద కఠినమైన చట్టాలు తెచ్చాడు. పెళ్లి చేసుకోనివారికి, పిల్లలు లేనివారికి వారసత్వంలో కోత. ముగ్గురు పిల్లలను కన్న స్త్రీకి సంరక్షకుని అజమాయిషీ నుంచి విముక్తి. క్రీ.శ. 9లో ఈ చట్టాలను సవరించారు. ఆ సవరణకు పేరిచ్చిన ఇద్దరు కాన్సళ్లూ బ్రహ్మచారులే కావడం విడ్డూరం.

ఆయనకు ఒక్కతే కూతురు, పేరు జూలియా. రాజకీయం కోసం ఆమెకు మూడుసార్లు పెళ్లి చేశాడు. మూడవ పెళ్లికి, మూడవ భార్య లివియా కొడుకైన టైబీరియస్ చేత ఇష్టపడి కాపురం చేస్తున్న భార్యను విడిపించాడు. ఆ కాపురం నిలవలేదు. క్రీ.పూ. 2లో జూలియా మీద వ్యభిచార ఆరోపణ వచ్చింది. తన చట్టం తన కూతురికి వర్తించదని చెబితే జనం నవ్వుతారు. ఆమెను పాండటేరియా అనే చిన్న ద్వీపానికి పంపాడు. ఐదేళ్ల తర్వాత ఇటలీ గడ్డకు రానిచ్చాడు గాని మళ్లీ ముఖం చూడలేదు. కన్నతల్లి స్క్రిబోనియా మాత్రం కూతురి వెంట స్వచ్ఛందంగా ఆ ద్వీపానికి వెళ్లింది. విడాకులు పొందిన ఆ తల్లిలో ఉన్న మనసు ఆ తండ్రిలో లేకపోయిందని చదివినవారికి అనిపించక మానదు.

జూలియా కొడుకులు గేయస్, లూషియస్‌లను అగస్టస్ దత్తత తీసుకున్నాడు. చదవడం, ఈత ఆయనే స్వయంగా నేర్పాడు. ఒకవైపు తాత ముఖం, మరొకవైపు డాళ్లు బల్లేలతో నిలబడిన ఇద్దరు మనుమలు ఉన్న నాణేలు ముద్రించాడు. మన దేశంలో దొరికిన అగస్టస్ వెండి నాణేలలో ఎక్కువ భాగం ఇవే. ఆ నాణేలు సముద్రాలు దాటాయి గాని ఆ మనుమలు ముప్పై ఏళ్లు కూడా నిండకుండా, లూషియస్ క్రీ.శ. 2లో, గేయస్ క్రీ.శ. 4లో కన్నుమూశారు. వేలాది మంది ముసలి సైనికులకు ఆసరా కల్పించిన మనిషికి తన ముసలితనంలో చెట్టంత మనుమలు లేకుండా పోయారు. చివరకు టైబీరియస్‌ను దత్తత చేసుకోక తప్పలేదు.

నిర్యాణము, ఆ తర్వాత

క్రీ.శ. 14 ఆగస్టు 19న, నోలా పట్టణంలో, తన తండ్రి ప్రాణం విడిచిన గదిలోనే అగస్టస్ మరణించాడు. డెబ్బై ఆరేళ్లు నిండటానికి ముప్పై ఐదు రోజులు తక్కువ. తన పేరు పెట్టిన నెలలోనే పోయాడు. ఆ రోజు అద్దం తెప్పించుకుని తల దువ్వించుకున్నాడని చెబుతారు.

ఆయన పోయిన కొద్ది రోజులకే డాన్యూబు, రైన్ నదుల తీరాలలో పటాలాలు తిరగబడ్డాయి. కారణం మనకు పరిచితమైనదే. కాగితం మీద ఇరవై ఏళ్ల సర్వీసు. కాని విడుదల చేస్తే పన్నెండు వేలు ఇవ్వాలి గనుక, ఖజానాలో రొక్కం చాలక, ముప్పై నలభై ఏళ్లు నిండినా వదలలేదు. వదిలినవాళ్లలో కొందరికి నగదు బదులు బురద నేలలు, కొండ రాళ్లు పట్టా చేశారు. టైబీరియస్ దత్తపుత్రుడు జర్మానికస్ సముదాయించడానికి వెళితే, ముసలి సైనికులు చేయి ముద్దు పెట్టుకునే నెపంతో ఆయన వేళ్లను తమ నోట్లో పెట్టుకుని పళ్లు లేని చిగుళ్లు తడిమి చూపారు. కొందరు వంగిపోయిన నడుములు చూపించారు. ఇంతకన్నా గట్టి మెమొరాండం ఏ సంఘమైనా ఇవ్వగలదా? ఆ తిరుగుబాటులో రెండు వైపులా రక్తం ఏరులై పారింది. ఒత్తిడికి లొంగి సర్వీసును పదహారేళ్లకు తగ్గిస్తామన్న హామీని మరుసటి ఏడే టైబీరియస్ రద్దు చేశాడు. అయితే వేలంపాటల పన్ను తీసివేయమని జనం అడిగినప్పుడు, సైనిక ఖజానా దాని మీదే నడుస్తున్నదని చెప్పి అప్పటికి నిరాకరించాడు. విడి ఖజానాకు విడి పన్ను అన్న ఏర్పాటు అలా నిలబడింది.

ఆ పద్ధతిలో పెద్ద లోటు ఒకటి ఉంది. కొలువులో ఉన్న సైనికుడు చట్టప్రకారం పెళ్లి చేసుకోవడానికి వీలులేదు. కాపురాలు ఉండేవి గాని ఆ భార్యకు, పిల్లలకు హక్కు లేదు. మన ఫ్యామిలీ పెన్షన్ వంటి మాట వారికి తెలియదు. మనకైనా అది 1964లో గాని రాలేదు. సైనికుడు యుద్ధంలోనో, జబ్బుతోనో సర్వీసు నిండకముందే పోతే ఆమె దిక్కులేనిదే.

మనకు బోధపడేది

పెన్షన్ దయాధర్మం కాదని, చేసిన సేవకు దక్కవలసిన హక్కు అని మన సుప్రీంకోర్టు నకారా కేసులో 1982 డిసెంబరు 17న తీర్పు ఇచ్చింది. అందుకే ఆ తారీఖును మనం పండుగలా జరుపుకుంటున్నాము. 2004 సెప్టెంబరు 1 నుంచి రాష్ట్ర కొలువులో కొత్తగా చేరినవారికి కంట్రిబ్యూటరీ పెన్షన్ వచ్చింది గనుక, ఈ చర్చ మన పిల్లల ఇళ్లలోనూ నడుస్తూనే ఉన్నది. అగస్టస్ జీవితం చూస్తే ఈ హక్కుకు మూడు కాళ్లు ఉండాలని తెలుస్తుంది. మొదటిది చట్టం, ఎంత ఇవ్వాలో రాసి ఉండాలి. రెండవది ఖజానా, ఆ సొమ్ము మరొక పనికి మళ్లకుండా ఉండాలి. మూడవది తారీఖు, ఇవ్వవలసిన రోజున ఇవ్వాలి. మొదటి రెండింటినీ ఆయన సాధించాడు. మూడవదాన్ని సాధించలేకపోయాడు. ఆ మూడవ కాలు విరిగినందుకే పళ్లూడిన సైనికులు కత్తులు పట్టారు. ఏ ప్రభుత్వానికైనా, ఏ కాలంలోనైనా ఇది గుర్తుండవలసిన విషయం.

ఒక్క విషయంలో మాత్రం ఆయన మూడు కాళ్లనూ గట్టిగా నిలిపాడు. చనిపోవడానికి ఏడాది నాలుగు నెలల ముందే, క్రీ.శ. 13 ఏప్రిల్ 3న, వీలునామా రాసి దేవాలయ కన్యల వద్ద భద్రపరిచాడు. అందులో పౌరులకు, సైనికులకు ఇవ్వవలసిన మొత్తాలు రాశాడు. సైనికులకు ఇచ్చేది వెంటనే చెల్లించాలని, ఆ రొక్కం విడిగా తీసి ఉంచానని కూడా చెప్పాడు. దానితోపాటు మరో మూడు పత్రాలు ఉంచాడు. అంత్యక్రియలు ఎలా జరపాలో ఒకటి. తన జీవితంలో చేసిన పనులు ఒకటి. రాజ్యం మొత్తం లెక్క ఇంకొకటి. ఎక్కడ ఎందరు సైనికులు, ఖజానాలో ఎంత నిల్వ, రావలసిన బకాయిలు ఎన్ని అన్నీ అందులో రాశాడు. చివరన ఈ లెక్కలు ఎవరి దగ్గర ఉన్నాయో, ఎవరిని అడిగితే వివరం చెబుతారో ఆ గుమాస్తాల పేర్లు కూడా రాసి పెట్టాడు. ఆ గుమాస్తాలు బానిసలే కావచ్చు. అయినా లెక్క తెలిసినవాడు ఎవడో ఆ చక్రవర్తికి తెలుసు.

సభ్యులకు, ముఖ్యంగా వారి కుటుంబ సభ్యులకు నా విన్నపం ఒక్కటే. మన పి.పి.ఓ. పుస్తకం, బ్యాంకు పాసుబుక్కు, నామినేషన్ కాగితాలు, ఫ్యామిలీ పెన్షన్‌కు కావలసిన ఫొటోలు, వయసు ధ్రువపత్రాలు ఒక్కచోట పెట్టి, అవి ఎక్కడ ఉన్నాయో, ఎవరిని కలవాలో ఒక కాగితం మీద రాసి ఇంట్లోవారికి చెప్పి ఉంచండి. ప్రతి ఏటా లైఫ్ సర్టిఫికెట్ సకాలంలో ఇవ్వండి. సామ్రాజ్యం ఏలినవాడే ఆ పని ఏడాది ముందు చేసి పెట్టుకున్నాడు. మనకు ఉన్నది ఒక్క ఇల్లే గదా, ఒక పూట కూర్చుంటే అయిపోయే పని.

నమస్కారములతో,
ఒక విశ్రాంత సీనియర్ అసిస్టెంట్, తిరుమలగిరి